మానని దురద – పొలము గట్టుమీది వయ్యారిభామ

సేద్యము చేయువాని చర్మము ఎండకు, వానకు, బురదకు, దుమ్మునకు ఓర్చుకొనుట నేర్చినదే. ముల్లు గుచ్చుకొన్నను, వరి ఆకు గీరుకొన్నను నాలుగు దినములలో మానిపోవును. కాని కొందరికి దద్దులు లేచి, దురద పుట్టి, నెల గడచినను, ఏడాది గడచినను తగ్గక, చర్మము ఎండి, గరుకెక్కి, తుదకు గేదె తోలువలె మందమగును. రాత్రి నిద్ర ఉండదు. పగలు చేనిలోనికి పోయిన దురద హెచ్చును. పోకున్న పని సాగదు. తోలు వ్యాధి గదా, ప్రాణము తీయదులే అని ఇంటివారు ఊరుకొందురు. ఇరుగుపొరుగువారు అంటువ్యాధి యనుకొని ఒకే మంచముపై కూర్చుండుటకు వెనుదీయుదురు. పంటకు తెగులు తగిలిన మరునాడే ఆకు పట్టుకొని వ్యవసాయ అధికారి వద్దకు వచ్చు రైతు, తన మెడపై మూడేండ్లుగా నున్న దద్దును మాత్రము ఎవరికిని చూపడు. చూపినను మందుల దుకాణములో చూపి ఒక ట్యూబు కొనుక్కొని పోవును.

అట్టి దురదకు కారణము చాలసార్లు పొలము గట్టుమీదనే పచ్చగా పెరుగుచుండును. అదియే వయ్యారిభామ. కొన్ని జిల్లాలలో దీనిని కాంగ్రెసు గడ్డి యనియు, ఆకు క్యారెట్టు ఆకును పోలియుండుటచే క్యారెట్టు గడ్డి యనియు పిలుతురు. ఇంత ముద్దు పేరు ఇంత పాడు మొక్కకు ఎవరు పెట్టిరో గాని, ఆ పేరు విని దానిని తేలికగా తీసికొనరాదు.

దురదలన్నియు ఒకటి కావు

దురద పుట్టినవెంటనే వయ్యారిభామను నిందించుటయు తగదు. పల్లెలలో మానని దురదకు ముఖ్యముగా నాలుగు కారణములు కనబడుచున్నవి: గజ్జి, తామర, వట్టి పొడిచర్మము, నాలుగవది వయ్యారిభామ వంటి మొక్కల వలన కలుగు దద్దు. వీనిలో ఒకదానికి పనిచేయు మందు మరొకదానికి పనిచేయదు సరిగదా, కొన్నియెడల హాని చేయును. కావున మందు కొనుటకు పూర్వము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దురద దేహములో ఎక్కడ ఉన్నది? ఎప్పుడు హెచ్చుచున్నది? ఇంటిలో మరెవరికైనను ఉన్నదా?

రాత్రి పడుకొన్న తరువాత దురద విపరీతమై, చేతివేళ్ళ సందులలో, మణికట్టువద్ద, నడుము చుట్టును, మర్మావయవములవద్ద చిన్న చిన్న పొక్కులుండి, భార్యకు, పిల్లలకును అట్లే ఉన్నయెడల అది గజ్జి. కంటికి ఆనని చిన్నపురుగు చర్మములో సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టుటచే ఇది కలుగును. గజ్జలలో, నడుమువద్ద, పిరుదులపై అంచు ఎఱ్ఱగా ఉబ్బి, నడుమ కొంత తేటగానుండి, గుండ్రముగా వ్యాపించునది తామర. ఇది బూజుజాతి వలన వచ్చును. చలికాలములో, ముఖ్యముగా పెద్దవయసువారి కాళ్ళమీద, చర్మము బీటలువారిన చెఱువు అడుగువలె పగిలి, తెల్లని పొలుసులు రాలుచు దురదగా నున్నచో అది వట్టి పొడిచర్మము.

వయ్యారిభామ దద్దు వీనికి భిన్నముగా, గుడ్డ కప్పని చోట్ల వచ్చును. ముఖము, కనురెప్పలు, చెవుల వెనుక భాగము, గడ్డము క్రింద, మెడ, చొక్కా గుండీలు విప్పినపుడు కనబడు రొమ్ముభాగము, ముంజేతులు దీనికి తావులు. మోచేతి మడతలలోను, మోకాలి వెనుక మడతలలోను కూడ చేరును. ఎండ వలన పుట్టు దద్దుకును దీనికిని భేదమొకటి గలదు. ఎండ పడని కనురెప్పల మడతలలో, చెవి వెనుక, గడ్డము క్రింద ఎండదద్దు సాధారణముగా రాదు. వయ్యారిభామ దుమ్ము గాలిలో తేలివచ్చి ఈ మరుగుచోట్లలో కూడ నిలుచును గనుక అక్కడనే మిక్కిలి బాధించును. అయితే వ్యాధి ముదిరిన తరువాత ఎండ తగిలినను మంట పుట్టును. అప్పుడు రెండింటిని వేరుచేసి చెప్పుట వైద్యునికే సాధ్యము.

పగ పట్టిన చర్మము

ఈ మొక్క అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములది. మన దేశమున 1955 ప్రాంతములో పూనాలో దీనిని గుర్తించిరి. విదేశములనుండి దిగుమతియైన ధాన్యముతో కలసివచ్చినదని పెక్కుమంది చెప్పుదురు. ఇరువదేండ్లు తిరుగకమునుపే పూనా వైద్యులు దీనివలన కలుగు చర్మవ్యాధిని అనేకులలో గుర్తించి ప్రకటించిరి. వ్యాధి ముదిరి మరణించినవారును కలరు. నేడు మన రెండు తెలుగు రాష్ట్రములలో ఈ మొక్క లేని రోడ్డుప్రక్క గాని, బీడు గాని, పాఠశాల ఆవరణ గాని చూపుట కష్టము.

మొక్క కాండముపైనను, ఆకులపైనను సన్నని నూగు ఉండును. ఆ నూగులోను, పుప్పొడిలోను పార్థెనిన్ అను పదార్థమున్నది. అది చర్మమును సోకినంతమాత్రమున అందరికిని దద్దు రాదు. మొదట తగిలినపుడు ఎవరికిని ఏమియు కాదు. నెలలు, కొందరికి సంవత్సరములు తగులుచు తగులుచు ఉండగా, ఒకనాడు దేహము దానిని శత్రువుగా గుర్తుపెట్టుకొనును. అటుపిమ్మట కొంచెము దుమ్ము సోకినను ఒకటి రెండు దినములలో ఎఱ్ఱబడి, వాచి, దురదపుట్టి, రసి కారును. "ఇరువదేండ్లుగా ఈ మొక్కను చేతితో పీకుచున్నాను, నాకేమియు కాలేదు, ఇప్పుడెట్లు వచ్చును" అని రైతు వాదించుట తరచుగా విందుము. ఇరువదేండ్లు పీకుటయే ఈ వ్యాధికి దారి. ఒకసారి పట్టిన ఈ పగ సాధారణముగా జీవితాంతము వదలదు. కావున మందు దద్దును అణచునే గాని పగను తీర్పజాలదు. ఈ సంగతి రోగికి మొదటనే తెలిసియుండిన, వైద్యుని తరువాత వైద్యుని మార్చుచు అప్పులపాలు కాకుండును.

మొదటి సంవత్సరములలో దద్దు వేసవిలోను, వానకాలములోను వచ్చి, చలికాలములో తగ్గును. తగ్గినపుడు మందు పనిచేసినదని సంతోషింతురు. నిజమునకు మొక్క తగ్గుటచే దద్దు తగ్గినది. కొన్నియేండ్లకు ఈ వ్యవధి కూడ పోయి, పన్నెండు నెలలును చర్మము మందమై, నల్లబడి, ముడుతలుపడి ఉండిపోవును. ఆసుపత్రులకు వచ్చువారిలో నడివయసు దాటిన మగవారు హెచ్చుగా నుందురు. కలుపుతీయు స్త్రీలకు రాదని మాత్రము తలపరాదు.

మరియొక చిక్కు కలదు. వయ్యారిభామ, చామంతి, బంతి, పొద్దుతిరుగుడు, మరులమాతంగి – ఇవి యన్నియు ఒకే కుటుంబపు మొక్కలు. వయ్యారిభామ పడనివారిలో కొందరికి ఈ మొక్కలును పడవు. పొద్దుతిరుగుడు వేసిన ఏట దద్దు హెచ్చినదని రైతు చెప్పినచో వైద్యులు ఆ మాటను త్రోసివేయరాదు. పూలతోట పెంచువారు, పూలు గ్రుచ్చి అమ్ముకొనువారు కూడ దీనిని గమనింపవలెను.

ట్యూబు మందు చేయు కీడు

ఈ వ్యాసములో మిక్కిలి శ్రద్ధగా చదువవలసిన భాగమిది. దురదకు దుకాణములో అడుగగనే ఇచ్చు పూతమందులలో చాలవాటియందు స్టెరాయిడు ఉన్నది. క్లోబెటసాల్, బీటామెథసోన్ అను పేర్లు ట్యూబుమీద ఉన్నచో అది స్టెరాయిడు మందేయని తెలియవలెను. దానితోపాటు బూజును చంపు మందొకటి, చీమును ఆపు మందొకటి కలిపి, అన్ని వ్యాధులకును ఒకే ట్యూబుగా అమ్ముచున్నారు. పూసిన రెండవదినముననే ఎఱ్ఱదనము చల్లబడి, దురద ఆగును. మందు మహత్తరమైనదని ఊరంతయు చెప్పుకొందురు. ఆపినవెంటనే తిరుగబెట్టును. మరల పూయుదురు.

తామరపై ఇది పూసిన, దురద తగ్గును గాని బూజు నిశ్చింతగా పెరుగును. ఉంగరమువంటి గుర్తు చెరగి, తొడలనిండ వ్యాపించి, పిదప మంచి మందులకు కూడ లొంగదు. గజ్జలలోని చర్మము పలుచబడి, గర్భిణికి పొట్టపై వచ్చు చారలవంటి చారలు పడును. ఇవి తిరిగి పోవు. ముఖముపై నెలలతరబడి పూసినవారికి ముఖమెఱ్ఱబడి, మొటిమలు లేచి, మందు పూయనిదే మంట ఆగని స్థితి వచ్చును. 2018లో కేంద్రప్రభుత్వము స్టెరాయిడు పూతమందులు పెక్కింటిని వైద్యుని చీటీపై మాత్రమే అమ్మవలెనని నియమము చేసినది. నియమమున్నను, చీటీ అడుగని దుకాణములు లేకపోలేదు. అడుగవలసిన బాధ్యత కొనువానిపై కూడ కలదు.

పూతకంటెను ప్రమాదమైనది, కొందరు గ్రామములలో ఇచ్చు దురద ఇంజక్షను. అదియు తరచుగా స్టెరాయిడే. ఏడాదికి నాలుగైదుమార్లు అట్టివి పొడిపించుకొన్నవారికి ముఖము ఉబ్బుట, రక్తపుపోటు, మధుమేహము, ఎముకల బలహీనత, కంటిలో శుక్లము మొదలగునవి కలుగవచ్చును. చాలకాలము వాడినదానిని హఠాత్తుగా ఆపుటయు అపాయమే. వైద్యుని సలహాతో క్రమముగా తగ్గించుకొనవలెను. స్టెరాయిడు స్వతహాగా చెడ్డమందని మా భావము కాదు. వయ్యారిభామ దద్దు తీవ్రముగా నున్నపుడు చర్మవైద్యులును దానినే వ్రాయుదురు. ఎంత బలముగలది, దేహములో ఏ భాగమున, ఎన్నిదినములు అనునది వారు నిర్ణయింతురు. పురుగుమందు మోతాదు తప్పిన పైరు మాడునని తెలిసిన రైతునకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

పురుగుమందు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము: గజ్జికి పొలములో చల్లు మందును నీటిలో కలిపి ఒంటికి పూసికొనువారు నేటికిని అక్కడక్కడ కలరు. గోకిన పుండ్లద్వారా మందు రక్తములో చేరి ప్రాణము పోవచ్చును. ఎట్టి పరిస్థితిలోను ఈ పని చేయరాదు.

గజ్జికి, తామరకు

గజ్జికి పెర్మెత్రిన్ 5 శాతము గల పూతమందు మంచిది. రాత్రి మెడనుండి అరికాళ్ళవరకు, వేళ్ళ సందులు, గోళ్ళ క్రిందిభాగము విడువక పూసి, ఎనిమిది మొదలు పన్నెండు గంటలుంచి ఉదయము స్నానము చేయవలెను. వారము తరువాత మరల ఒకసారి పూయవలెను. దురదలేనివారితో సహా ఇంటిలోని వారందరు ఒకేరాత్రి పూసికొననిచో ఫలితముండదు. పసిపిల్లలకు, గర్భిణులకు వైద్యుని అడిగి వాడవలెను. మరునాడు దుప్పట్లు, బట్టలు వేడినీట ఉతికి ఎండవేయవలెను. పురుగు చచ్చిన తరువాత కూడ రెండు మూడు వారములు దురద ఉండవచ్చును. అందుకని మందు పదే పదే పూయరాదు.

తామరకు వైద్యుడు చెప్పిన మందును మచ్చ కనబడకపోయిన తరువాత కూడ, ఆయన చెప్పినన్నాళ్ళు వాడవలెను. పదిదినములకే మానివేయుటవలననే ఇది తిరుగబెట్టుచున్నది. తడిసిన గోచి, చెమటపట్టిన లోదుస్తులు వెంటనే మార్చి, తిరగవేసి ఎండలో ఆరవేయవలెను. ఒకరి తువ్వాలు మరొకరు వాడరాదు. మొలతాడు చెమ్మను పట్టియుంచి బూజుకు ఆశ్రయమిచ్చును గనుక వ్యాధి నయమగువరకు తీసివేయుట మేలు. పెద్దలకిది రుచింపకపోవచ్చును, నయమైన పిమ్మట క్రొత్తది కట్టుకొనవచ్చును.

చర్మము ఎండిపోకుండ

కారణమేదైనను, పొడిబారిన చర్మము దురదను పెంచును; గోకిన చర్మము మరింత పొడిబారును. ఈ సుడిని త్రెంచుటకు నూనె చాలును. మరిగే నీళ్ళు పోసికొనుట హాయిగానుండును గాని, చర్మములోని సహజమైన జిడ్డును తీసివేయును. గోరువెచ్చని నీటితో పది నిమిషములలో స్నానము ముగించి, సబ్బు చంకలకు, గజ్జలకు, పాదములకు మాత్రము వాడి, ఒళ్ళు పూర్తిగా ఆరకమునుపే, మూడు నిమిషములలోపల కొబ్బరినూనె గాని, వ్యాజలీను గాని రాచుకొనవలెను. తడి చర్మముపై రాచిన నూనె నీటిని లోపల బంధించును. ఎండిన చర్మముపై రాచినది అంతగా ఉపకరింపదు. ఖరీదైన లేపనములు అవసరము లేదు. పండుగనాడు సున్నిపిండితో నలుగు పెట్టుకొనుట మన ఆచారమే గాని, దద్దులున్నవారు దానిని మానుకొనవలెను. ఆ రాపిడి పుండ్లను రేపును. గోళ్ళు పొట్టిగా కత్తిరించుకొనవలెను. దురద ఆగనపుడు గోకుటకు బదులు తడిగుడ్డ వేసికొన్న ఉపశమించును.

దురదకిచ్చు మాత్రలు కొన్ని నిద్ర తెప్పించును. అవి వేసికొని ట్రాక్టరు నడుపరాదు. బావిగట్టుపై, విద్యుత్ మోటారువద్ద పనిచేయరాదు.

పెద్దాసుపత్రికి ఎప్పుడు?

దద్దు ఒళ్ళంతయు వ్యాపించి ఎఱ్ఱబడినను, చలిజ్వరము వచ్చినను, చీము పట్టినను, కన్నులు తెరువలేనంతగా రెప్పలు వాచినను ఆలస్యము చేయరాదు. దద్దేమియు లేకుండ పెద్దవయసువారికి ఒళ్ళంతయు దురదగా నున్నచో మూత్రపిండములు, కాలేయము, మధుమేహము పరీక్షింపించుకొనవలెను. దురదలేక, స్పర్శ తెలియని మచ్చ ఉన్నయెడల అది కుష్ఠు కావచ్చును. దానికి ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా మందిచ్చెదరు, పూర్తిగా నయమగును.

వయ్యారిభామ అనుమానమున్నచో బోధనాసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగమునకు పోవుట ఉత్తమము. అక్కడ వీపుపై చిన్న అతుకులు అంటించి, రెండుదినములుంచి, తీసిన పిదప మరల చూచి, ఏ మొక్క పడదో తేల్చుదురు. అతుకులున్నన్నాళ్ళు వీపు తడుపరాదు. చెమటపట్టు పనియు చేయరాదు. వ్యాధి బలముగా నున్నవారికి అజాథయోప్రిన్ వంటి మాత్రలను, రక్తపరీక్షలు చేయించుచు, నెలలతరబడి ఇత్తురు. వైద్యుని చూడబోవునపుడు ఇంతవరకు వాడిన ట్యూబులు, చీటీలు అన్నియు వెంట తీసికొనిపోవలెను. ఏ పంట వేసినది, ఏ నెలలో హెచ్చినది, ఊరు విడిచి బంధువులయింట నున్నపుడు తగ్గినదా అనునవి చెప్పవలెను. ఈ చివరిమాట వైద్యునకు పది పరీక్షలతో సమానము.

మొక్కను తొలగించుట

దద్దు వచ్చినవాడు తానే పోయి మొక్కలు పీకరాదు. ఇది ముఖ్యము. ఇంటిలో మరొకరు, చేతులకు రబ్బరు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, ముక్కునకు నోటికి గుడ్డ కట్టుకొని పీకవలెను. తొడుగులు దొరకనిచో చేతులకు పాలిథీను సంచులు కట్టుకొనవచ్చును. పని ముగిసినవెంటనే స్నానము చేసి, ఆ బట్టలను వేరుగా ఉతుకవలెను. రోగి బట్టలు గట్టుమీద, కంపమీద ఆరవేయరాదు. ఎండిన మొక్కయు నిరపాయము కాదు. దాని పొడి గాలిలో ఎగిరి అంతే కీడుచేయును. పచ్చిగడ్డితో కలసి ఈ మొక్క పశువులపాకలోనికి వచ్చుచుండును. గడ్డికోతవద్దనే ఏరివేయవలెను. పశువు తిన్నచో పాలు చేదగును, దాని చర్మమునకును దద్దులు రావచ్చును.

మొలచిన నెల, నెలన్నరకే వయ్యారిభామ పూతకు వచ్చును. ఏపుగా పెరిగిన మొక్క ఒక్కటి 15,000కు పైబడి విత్తనములు రాల్చగలదు. అవి నేలలో యేండ్లతరబడి మొలకెత్తుటకు సిద్ధముగా నుండును. కావున తెల్లని పూలు కనబడకమునుపే, తొలకరి వానకు నేల మెత్తబడినపుడు వేరుతో లాగివేయవలెను. పూయని మొక్కలను పెంటగుంటలో వేసి కంపోస్టు చేసికొనవచ్చును. పూసినవానిని గుంటలో వేయరాదు; ఆ ఎరువుతో విత్తనములు తిరిగి చేనికే చేరును. రోడ్లవెంట, బీడులలో మాత్రము లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కరిగించి, ఎండ కాయువేళ ఆకులు బాగుగా తడియునట్లు చల్లిన మొక్క మాడిపోవును. సాగుభూమిలో ఉప్పు చల్లరాదు. పైరులలో కలుపుమందు వాడదలచినవారు పంటనుబట్టి వ్యవసాయ అధికారి సలహా పొందవలెను.

ఖాళీస్థలములలో తంటెపు విత్తనములు చల్లిన, అది దట్టముగా పెరిగి వయ్యారిభామను అణచును. బంతి వేయుమని కూడ చెప్పుదురు. అది మంచి సలహాయే గాని, ఇంటిలో దద్దు రోగి ఉన్నచో బంతి జోలికి పోవలదు. 1984లో మెక్సికో దేశపు పెంకుపురుగును తెప్పించి బెంగళూరు ప్రాంతమున విడిచిరి. మీగడరంగు రెక్కలపై గోధుమ చారలుగల ఈ చిన్నపురుగు వానకాలములో వయ్యారిభామ ఆకులను కాండము మిగులునట్లు తినివేయును. చలి, వేసవి కాలములలో నేలలో దాగియుండును. పొద్దుతిరుగుడునకు హాని చేయునేమోనని ఒకప్పుడు భయపడిరి గాని, పరిశీలనలో ఆ భయము నిలువలేదు. ఈ పురుగు కనబడిన చోట మందు చల్లి చంపరాదు.

ఒక రైతు తన గట్టు శుభ్రము చేసికొన్నను, ప్రక్క బీడులోని పుప్పొడి గాలికి వచ్చి అతని కనురెప్పపైననే వాలును. అందుచే ఊరివారందరు కూడి ఒకే వారములో పీకుట అవసరము. జబల్పూరులోని కలుపు పరిశోధనా సంస్థ ప్రతి సంవత్సరము ఆగస్టు 16 నుండి 22 వరకు వయ్యారిభామ నిర్మూలన వారము జరుపుచున్నది. ఆ దినములకు మన ప్రాంతములో చాల మొక్కలు అప్పటికే పూసియుండును గనుక, మొదటి విడత జూలైలోనే పీకి, ఆగస్టు వారములో రెండవ విడతగా మిగిలినవానిని ఏరుట మంచిది. దద్దు రోగి ఉన్న ఇంటి చుట్టునున్న స్థలముతో పని మొదలుపెట్టి, పాఠశాల, మంచినీటి కుళాయి, పశువుల దొడ్డి వరుసగా చూచుకొని, పిదప గట్లకు పోవలెను.